మన ఇనుప కొండల చిరునామా రాసిన ప్రమథనాథ్ బోస్

బోస్ అనగానే మనలో ఎక్కువమందికి ఇద్దరు గుర్తుకొస్తారు. ఒకరు నేతాజీ సుభాష్ చంద్ర బోస్, ఇంకొకరు మొక్కలకూ స్పందన ఉంటుందని చూపించిన జగదీశ్ చంద్ర బోస్. ఫిజిక్స్ ఇష్టంగా చదివేవాళ్లు సత్యేంద్రనాథ్ బోస్ పేరు కూడా చెబుతారు. కానీ భిలాయిలో పెరుగుతున్న మనకు వీళ్లందరికంటే దగ్గరి బోస్ మరొకరున్నారు. దల్లీ రాజహరా నుంచి ఎర్రటి రాయి నింపుకుని వచ్చే గూడ్సు బండ్లను మనం రోజూ చూస్తాం. ఆ రాయి ఉన్న కొండ గురించి 1887లోనే అచ్చులో రాసిన భూగర్భ శాస్త్రవేత్త ప్రమథనాథ్ బోస్. జంషెడ్‌పూర్ ఉక్కు కర్మాగారానికి ఇనుప కొండను చూపించింది కూడా ఆయనే. రెండు ఉక్కు నగరాల కథ ఒకే మనిషి నోటుపుస్తకం దగ్గర మొదలైందన్నమాట. అయినా మా తరగతిలో అడిగితే ఆయన పేరు విన్నవాళ్లు నలుగురు కూడా లేరు. అందుకే ఈసారి తెలుగు విభాగంలో ఆయన జీవితం గురించి రాయాలనుకున్నాం.

ఆయన 1855 మే 12న బెంగాల్‌లో గోబర్‌డాంగా దగ్గర గైపూర్ అనే పల్లెలో పుట్టారు. కృష్ణనగర్ కాలేజీలోనూ, తర్వాత కలకత్తా సెయింట్ జేవియర్స్‌లోనూ చదివారు. 1874లో గిల్‌క్రిస్ట్ స్కాలర్‌షిప్ గెలుచుకుని లండన్‌కు ఓడ ఎక్కారు. అప్పటికి ఆయన వయసు 19. ఆ రోజుల్లో మనవాళ్లు లండన్ వెళ్లారంటే బారిస్టరు కావడానికో, సివిల్ సర్వీసు పరీక్ష రాయడానికో వెళ్లేవారు. ఈయన మాత్రం లండన్ విశ్వవిద్యాలయంలో బి.ఎస్‌సి. చేసి, ఆపైన రాయల్ స్కూల్ ఆఫ్ మైన్స్‌లో చేరి రాళ్లూ శిలాజాలూ చదువుకున్నారు. బ్రిటిష్ మ్యూజియంలో శివాలిక్ కొండల నుంచి తీసుకెళ్లిన పాత జంతువుల ఎముకలు ఉండేవి. వాటిలో అప్పటిదాకా ఎవరూ వర్ణించని మాంసాహార జంతువుల గురించి ఆయన రాసిన వ్యాసం 1880లో లండన్ జియొలాజికల్ సొసైటీ పత్రికలో అచ్చయింది. ఇక్కడి కొండల్లో దొరికిన ఎముకల మీద పరిశోధన చేయాలంటే ఇక్కడి కుర్రవాడే లండన్ దాకా వెళ్లాల్సిన కాలం అది.

1880 మేలో ఆయన జియొలాజికల్ సర్వే ఆఫ్ ఇండియాలో అసిస్టెంట్ సూపరింటెండెంట్‌గా చేరారు. ఆ సంస్థ 1851 నుంచి ఉంది. అంతకుముందు కొద్దిమంది భారతీయులు అందులో అప్రెంటిస్‌లుగా పనిచేశారు గానీ, అధికారి స్థాయి ఉద్యోగం దక్కిన మొదటి భారతీయుడు బోస్ గారే. భారతీయులు సొంతంగా శాస్త్ర పరిశోధన చేయలేరని ఆనాటి తెల్ల అధికారుల్లో చాలామంది గట్టిగా నమ్మేవారు. సర్వేకు అప్పట్లో పెద్దగా ఉన్న మెడ్లికాట్‌ది కూడా అదే అభిప్రాయం. తన చేతి పని మీద నమ్మకంలేని ఆఫీసులో బోస్ గారు 23 ఏళ్లు పనిచేశారు.

ఆ పని ఎలా ఉండేదో కొంచెం చెప్పాలి. వానలు తగ్గాక సర్వే అధికారులు కలకత్తా వదిలి అడవి బాట పట్టేవారు. డేరాలు, ఎడ్లబండ్లు, ఒక సుత్తి, ఒక దిక్సూచి, పటాలు, నోటుపుస్తకాలు. మళ్లీ ఎండలు ముదిరి వానలు పడేదాకా అదే ఇల్లు. పగలు వాగుల వెంట నడవడం, రాయి కనిపించిన చోట కొట్టి చూడడం, పొరలు ఎటు వాలుతున్నాయో కొలవడం, సాయంత్రం దీపం ముందు అంతా రాసుకోవడం. వానాకాలంలో కలకత్తా చేరి రిపోర్టు తయారుచేయాలి. దారిలేని చోట దారి వెతుక్కుంటూ, మాట తెలియని పల్లెలో మాట నేర్చుకుంటూ సాగే ఉద్యోగం.

మొదట్లో ఆయన నర్మద లోయలో పనిచేశారు. నేటి మధ్యప్రదేశ్‌లోని బాగ్ ప్రాంతంలో సముద్రపు జీవుల శిలాజాలున్న సున్నపురాతి పొరలు ఉన్నాయి. సముద్రానికి అంత దూరంలో ఆ శిలాజాలేమిటంటే, డైనోసార్ల కాలంలో సముద్రం నర్మద లోయ వెంట లోపలికి చొచ్చుకువచ్చింది. ఆ పొరలను బోస్ గారు కిందనుంచి పైదాకా విడదీసి పేర్లు పెట్టి 1884లో ప్రచురించారు. ఆ విభజన ఈనాటికీ భూగర్భ శాస్త్ర విద్యార్థుల పుస్తకాల్లో ఉంది.

ఆ తర్వాత ఆయన మన వైపుకు వచ్చారు. మహానది పరీవాహక ప్రాంతమూ, రాయపూర్ జిల్లా పడమటి భాగమూ ఆయన వంతుకు వచ్చాయి. ఇక్కడ ఒక చిన్న సంగతి. పాత పుస్తకాల్లో దల్లీ కొండ రాయపూర్ జిల్లాలో ఉన్నట్టు కనిపిస్తే తప్పు అనుకోకండి. దుర్గ్ జిల్లా ఏర్పడింది 1906లో. 2012లో బాలోద్ జిల్లా విడిపోయాక ఇప్పుడు దల్లీ రాజహరా బాలోద్‌లో ఉంది. కొండ కదల్లేదు, జిల్లాలే మారాయి.

ఆనాడు ఆ కొండలు డోండీ లోహారా జమీందారీలోవి. లోహారా అన్న పేరులోనే ఇనుము వినిపిస్తోంది. బోస్ గారు వచ్చేసరికి అక్కడ ఇనుము తీసేవాళ్లు తరతరాలుగా ఉన్నారు. మధ్య భారతంలో అగరియాలని పిలిచే ఈ ఇనుము కరిగించే జనం మట్టితో నడుమెత్తు కొలిమి కట్టుకుంటారు. ముడిరాయిని చిన్న ముక్కలు చేసి, కట్టెబొగ్గుతో కలిపి పైనుంచి పోస్తారు. తోలుతిత్తులను కాళ్లతో తొక్కుతూ గంటల తరబడి గాలి ఊదుతారు. చిట్టెం కింద నుంచి కారిపోగా, లోపల మిగిలిన ముద్దను ఎర్రగా ఉండగానే బయటికి లాగి సుత్తులతో కొట్టి గట్టిపరుస్తారు. నాగలి కర్రుకు, గొడ్డలికి, కొడవలికి ఆ ఇనుమే ఆధారం. తెలంగాణలో కోనసముద్రం మూసల ఉక్కు గురించి పెద్దవాళ్ల దగ్గర విన్న తెలుగువాళ్లకు ఇది కొత్త సంగతి కాదు. బోస్ గారు 1887లో సర్వే పత్రికలో అచ్చువేసిన వ్యాసం ఈ ప్రాంతపు ఇనుప పరిశ్రమ గురించే. కొండలోని రాయితోపాటు ఆ రాయిని కరిగించే మనుషులూ ఆయన లెక్కలోకి వచ్చారు.

అందుకే దల్లీ కొండను బోస్ కనిపెట్టారని చాలాచోట్ల రాసినా, ఆ మాట మాకు సరిగ్గా అతకలేదు. ఆ కొండ మీద ఇనుముందని అక్కడి వాళ్లకు ఆయన పుట్టకముందే తెలుసు. ఆయన చేసింది వేరే పని. ఎంత మేర ఉంది, ఏ రాతిపొరల్లో ఉంది, ఎంత మేలైన రకం, పటం మీద ఎక్కడుంది అన్నవి రాసిపెట్టారు. ఎప్పుడూ ఆ కొండ ఎక్కని మనిషి కూడా ఆ కాగితం చూసి నేరుగా అక్కడికి వెళ్లగలిగేలా రాశారు. అలాగే వెళ్లారు కూడా. ఆ సంగతి తర్వాత చెబుతాం.

అంత ఇనుము అక్కడికి ఎలా చేరిందన్నది ఇంకో పెద్ద కథ. సుమారు 250 కోట్ల ఏళ్ల కిందట భూమ్మీద సముద్రాల్లో ఇనుము కరిగి ఉండేది. కంటికి కనిపించని సూక్ష్మజీవులు ఎండను వాడుకుని ఆక్సిజన్ వదలడం మొదలుపెట్టాక ఆ ఇనుము తుప్పులా మారి అడుగున పేరుకుంది. ఒక పొర ఇనుము, ఒక పొర సిలికా, మళ్లీ ఇనుము. చారల చీర మడతపెట్టినట్టు ఉంటుంది ఆ రాయి. తర్వాత కోట్ల ఏళ్లు వాననీరు ఇంకి సిలికాను కడిగేసిన చోట చిక్కటి హెమటైట్ మిగిలింది. శుద్ధమైన హెమటైట్‌లో నూటికి 70 పాళ్లు ఇనుమే. రాజహరా రాయిలో మేలైన రకం 65 దాటుతుంది. పైకి నల్లగా, ఉక్కు రంగులో మెరిసినా, మెరుపులేని పింగాణీ పలక మీద గీస్తే కుంకుమ రంగు గీత పడుతుంది. మన సైన్స్ ల్యాబులో ఎవరైనా చేసి చూడొచ్చు.

ఛత్తీస్‌గఢ్ తర్వాత ఆయన్ను హిమాలయాల వైపు పంపారు. డార్జిలింగ్ దగ్గర బొగ్గు పొరలను పరిశీలించి, ఆపైన సిక్కిం వెళ్లి అక్కడి భూగర్భం మీద, ఖనిజాల మీద 1891లో ఒక వ్యాసం ప్రచురించారు. సిక్కింలో చెప్పుకోదగ్గ ఖనిజం రాగి. ఇనుప కొండకూ రాగికీ చాలా తేడా ఉంది. ఇనుము కొండంతా నిలబడి ఊరందరికీ కనిపిస్తుంది. రాగి రాతి పగుళ్లలో నరంలా దూరి ఉంటుంది. ఒకచోట జానెడు, ఇంకోచోట బెత్తెడు, నాలుగు అడుగులు పోయేసరికి మాయం. మళ్లీ ఇంకెక్కడో తేలుతుంది. వెతికేవాళ్లకు దొరికే గుర్తు రాతి మీద పచ్చటి చిలుము, ఇంట్లో తోమని రాగి చెంబు మీద పట్టేలాంటిదే. ఆ పచ్చదనం పట్టుకుని లోపలికి తవ్వితే బంగారంలా మెరిసే పసుపు ఖనిజం కనిపించవచ్చు, కనిపించకపోవచ్చు. పైన చూసి లోపల ఎంతుందో చెప్పడం కష్టం. ఇప్పుడైతే డ్రిల్లు వేసి రాతి కడ్డీలను బయటికి తీసి చూస్తారు. ఆనాడు సుత్తి, కన్ను, పాత తవ్వకాల గోతులు ఇవే ఆధారం. మన గుంటూరు వైపు అగ్నిగుండాల రాగి గురించి విన్నవాళ్లకు ఈ ఇబ్బంది ఎలాంటిదో తెలుస్తుంది. రాగి ఉన్న చోట్లను బోస్ గారు నమోదు చేశారు.

అస్సాం, బర్మా, బస్తర్. ఇరవై ఏళ్లలో ఆయన తిరగని మూల తక్కువ. బస్తర్‌లో ఆయన చూసిన కొండ వరుసల్లో బైలాడిలా ఒకటి. ఎద్దు మూపురంలా ఉంటుందని దానికి ఆ పేరు. 19వ శతాబ్దం చివర్లో అక్కడి ఇనుము గురించి ఆయన రాశారు. మిగతా సంగతి చివర్లో చెబుతాం, ఎందుకంటే అది మన విశాఖపట్నం దాకా వెళ్లే కథ.

ఈ తిరుగుళ్ల మధ్యనే ఆయనకు 1882లో కమలతో పెళ్లయింది. ఆమె తండ్రి రమేశ్ చంద్ర దత్, భారతదేశ ఆర్థిక చరిత్ర రాసిన పెద్దమనిషి, 1899లో కాంగ్రెస్ అధ్యక్షుడు. వాళ్ల కొడుకుల్లో ఒకరైన మధు బోస్ తర్వాత సినిమా దర్శకుడయ్యారు. రాళ్లు చూసే పని చేస్తూనే బోస్ గారు బ్రిటిష్ పాలనలో హిందూ నాగరికత చరిత్ర అని కొన్ని సంపుటాల పుస్తకం కూడా రాశారు. అంత తీరిక ఎక్కడ దొరికిందో మాకైతే అర్థం కాలేదు.

ఇక 1903. సర్వేకు కొత్త డైరెక్టరును నియమించాల్సి వచ్చింది. బోస్ గారు చేరి అప్పటికి 23 ఏళ్లు. పదవి మాత్రం 1890లో చేరిన థామస్ హాలండ్‌కు ఇచ్చారు. హాలండ్ చిన్న శాస్త్రవేత్త కాదు, చార్నొకైట్ అనే రాయికి పేరు పెట్టింది ఆయనే. అది వేరే విషయం. తనకంటే పదేళ్లు వెనక చేరినవాడి కింద పనిచేయమనడం బోస్ గారికి మింగుడు పడలేదు. గొడవ పెట్టుకోలేదు, రాజీనామా ఇచ్చి బయటికి వచ్చేశారు. ఆయన రంగు వేరైతే ఆ కుర్చీ ఎవరికి దక్కేదన్న ప్రశ్న చదివేవాళ్లందరికీ వస్తుంది. మాకూ వచ్చింది.

బయటికి వచ్చినవాణ్ని మయూర్‌భంజ్ మహారాజు శ్రీరామచంద్ర భంజదేవ్ పిలిచి తన సంస్థానంలో ఖనిజాలు చూడమన్నారు. ఒడిశా అడవుల్లో గోరుమహిసాని కొండ దగ్గర బోస్ గారికి గొప్ప ఇనుప నిల్వ కనిపించింది. 1904 ఫిబ్రవరి 24న ఆయన జంషెడ్‌జీ టాటాకు ఒక ఉత్తరం రాశారు. ఇక్కడ మంచి ఇనుము ఉంది, ఝరియా బొగ్గు కూడా దగ్గరే అన్నది దాని సారాంశం.

అప్పటికే టాటాలు ఇనుము వెతుకుతూ వేరే దారిలో ఉన్నారు. వాళ్లు నమ్ముకున్నది మహారాష్ట్ర వైపు చాందా జిల్లా. అమెరికా నుంచి వెల్డ్ అనే ఇంజనీరు వచ్చి చూసి, అక్కడి నిల్వ కర్మాగారానికి చాలదని తేల్చేశారు. 1904 మే 19న జంషెడ్‌జీ జర్మనీలో కన్నుమూశారు. పని కొడుకు దోరాబ్జీ మీద పడింది. ఇక వదిలేస్తున్నామని చెప్పడానికి దోరాబ్జీ నాగపూర్‌లో ఒక పెద్ద అధికారిని కలవడానికి వెళ్లారట. ఆ అధికారి వచ్చేలోగా కాలక్షేపానికి ఎదురుగా ఉన్న మ్యూజియంలోకి నడిచారు. గోడమీద రంగులు వేసిన భూగర్భ పటం ఉంది. దుర్గ్ వైపు ఒకచోట ఇనుమున్నట్టు ముదురు రంగు వేసి ఉంది. ఆ రంగు వెనక ఉన్నది బోస్ గారి సర్వే. 17 ఏళ్లుగా అచ్చులో ఉన్న ముక్కే, అడిగినవాళ్లు లేరు.

దోరాబ్జీ, వెల్డ్ మన దల్లీ రాజహరా కొండలకు వచ్చారు. కాలు వేస్తే లోహం మీద నడిచినట్టు మోగిందని ఆ ప్రయాణం గురించి రాసినవాళ్లు చెబుతారు. ఇనుముకు లోటు లేదు. కానీ ఉక్కుకు ఇనుప రాయి ఒక్కటే చాలదు. కోక్ చేయడానికి పనికొచ్చే బొగ్గు కావాలి, ఎండాకాలంలోనూ ఎండని నీరు కావాలి, రైలు కావాలి. ఇక్కడి నుంచి బొగ్గు చాలా దూరం. ఆ లెక్క తేలక కొట్టుమిట్టాడుతున్న వేళ బోస్ గారి ఉత్తరం గుర్తుకొచ్చింది. గోరుమహిసాని నుంచి బొగ్గూ దగ్గర, కలకత్తా రేవూ దగ్గర. అలా ఆయన చూపించిన ఒక కొండను పక్కనపెట్టి, ఆయనే చూపించిన ఇంకో కొండను ఎంచుకున్నారు. 1907లో టాటా కంపెనీ ఏర్పడింది. సువర్ణరేఖ, ఖర్కాయి నదులు కలిసే చోట, సాక్చి అనే పల్లెలో, 1912 ఫిబ్రవరిలో మొదటి ఉక్కు దిమ్మ బయటికొచ్చింది. ఆ సాక్చియే 1919లో జంషెడ్‌పూర్ అయింది.

బోస్ గారు ఆ సంబరంలో కూర్చోలేదు. 1906లో, స్వదేశీ ఉద్యమం ఊపులో, కలకత్తాలో బెంగాల్ టెక్నికల్ ఇన్‌స్టిట్యూట్ మొదలైతే దానికి మొదటి ప్రిన్సిపాల్‌గా వెళ్లారు. మన పిల్లలు గుమాస్తా ఉద్యోగాల కోసం చదివితే చాలదు, యంత్రం విప్పి బిగించడం నేర్చుకోవాలని ఆయన పట్టుదల. తాను లండన్ వెళ్లి నేర్చుకున్నది ఇక్కడే దొరకాలన్న కోరిక. ఆ సంస్థే పెరిగి పెరిగి 1955 డిసెంబరులో జాదవ్‌పూర్ విశ్వవిద్యాలయమైంది.

అయితే పెద్ద వయసులో ఆయన ఆలోచన మరో దిక్కుకు తిరిగింది. నాగరికతల గురించి, స్వరాజ్యం గురించి పుస్తకాలు రాస్తూ, పడమటి దేశాల యంత్ర నాగరికతను ఆయన గట్టిగా విమర్శించారు. ఇంత ఇనుము వెలికితీయించిన మనిషే పొగగొట్టాల మీద అనుమానం పెంచుకోవడం మాకు వింతగా తోచింది. మాలో ఇద్దరు ఇది ముసలితనపు చాదస్తం అన్నారు. మిగిలినవాళ్లం ఒప్పుకోలేదు. తిత్తులు తొక్కే కొలిమిని దగ్గర్నుంచి చూసినవాడికీ, పెద్ద కర్మాగారం లేచాక ఆ కొలిమి ఏమవుతుందో ఊహించగలిగినవాడికీ ఆ అనుమానం రాకుండా ఎలా ఉంటుంది? అగరియాల కొలుములు మన వైపు ఇప్పుడు దాదాపు లేవు.

ఆయన చివరి రోజులు రాంచీలో గడిచాయి. 1934లో అక్కడే కన్నుమూశారు. దల్లీ కొండ అప్పటికీ అలాగే ఉంది, ఆయన రాసిన ఏడాది నుంచి 47 ఏళ్లుగా.

ఆయన పుట్టి నూరేళ్లు నిండబోతున్న వేళ, 1955 ఫిబ్రవరి 2న, భారత ప్రభుత్వమూ సోవియట్ యూనియనూ భిలాయి ఒప్పందం మీద సంతకాలు చేశాయి. అర్ధ శతాబ్దం కింద టాటాల కాలు వెనక్కి లాగిన చిక్కులు ఈలోగా కొన్ని విడిపోయాయి. తాందుల జలాశయం నీళ్లు ఉన్నాయి. పక్కనే నందినిలో సున్నపురాయి ఉంది. బొగ్గు దూరం నుంచే తెచ్చినా ప్రభుత్వం వెనకాడలేదు. దల్లీ రాజహరాకు రైలు పట్టాలు వేశారు. 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్ర ప్రసాద్ గారు మొదటి బ్లాస్ట్ ఫర్నేసును ప్రారంభించారు. అందులో పోసిన రాయి గురించి బోస్ గారు రాసి అప్పటికి 72 ఏళ్లు. శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి మా తాతలు మూటాముల్లె సర్దుకుని ఈ ఊరికి వచ్చింది ఆ కొలిమి పిలిచాకే.

బైలాడిలా సంగతి చెబుతామన్నాం కదా. బోస్ గారి తర్వాత 1930లలో క్రూక్‌షాంక్ అనే సర్వే అధికారి ఆ కొండల్లో 14 నిల్వలను పటంలో గుర్తించారు. 1960లలో కొత్తవలస నుంచి కిరందుల్ దాకా, తూర్పు కనుమల్లో సొరంగాలు తొలిచి రైలు మార్గం వేశారు. అరకు చూడటానికి వెళ్లేవాళ్లు ఎక్కేది ఆ లైను రైలే. ఆ రాయిని జాతీయ ఖనిజాభివృద్ధి సంస్థ తవ్వుతుంది, దాని ప్రధాన కార్యాలయం హైదరాబాద్‌లో ఉంది. ఆ రాయి విశాఖ రేవు నుంచి జపాన్‌కు వెళ్లింది, విశాఖ ఉక్కు కర్మాగారానికీ వెళ్తుంది. సెలవులకు ఊరెళ్లేటప్పుడు అటువైపు ఎర్ర దుమ్ము పట్టిన గూడ్సు బండి కనిపిస్తే, అది మన దల్లీ బండి కాదు గానీ, ఆ కొండ పేరు కూడా బోస్ గారి నోటుపుస్తకంలో ఉన్నదే.

రాజహరాలో మేలైన రాయి ఇప్పుడు తగ్గుతోంది. అక్కడి నుంచి దక్షిణంగా రావ్‌ఘాట్ గనుల వైపు పట్టాలు వేస్తున్నారు, అంతాగఢ్ దాటి తారోకి దాకా రైలు నడుస్తోంది కూడా.